రోబోలో విద్యుత్తు పంపకము
తార్నాకలోని ఒక ఇంట నీళ్ల మోటారు మొదలైనంతనే దీపము క్షణకాలము మసకబారును. ప్రక్కనే, ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1929లో ఏర్పడిన ఇంజనీరింగు కళాశాల కలదు. అట్టి కళాశాలల విద్యార్థులు పోటీలకై నిర్మించు రోబోలకును ఈ చిక్కే కలుగును.

రోబో చక్రము ఎచ్చటనైన చిక్కుకొన్నచో మోటారు పలురెట్లు ప్రవాహమును లాగుకొనును. తీగ నిరోధము 0.05 ఓము, ప్రవాహము 100 ఆంపియర్లు అనుకొందము. 5 వోల్టులు తీగలోనే నష్టమగును. 12 వోల్టుల బ్యాటరీనుండి 7 మాత్రమే చేరును. నియంత్రణ వలయమునకును అదే తీగయైనచో, అది ఆగిపోయి పోటీ నడుమ రోబో నిలిచిపోవును.

కావున మోటార్లకు పొట్టిదైన లావు తీగను, నియంత్రణ వలయమునకు బ్యాటరీనుండియే వేరు తీగను అమర్చవలెను. ప్రతి శాఖకును తీగ భరింపగల ప్రవాహమునకు మించని ఫ్యూజు ఉండవలెను. పెద్ద ఫ్యూజు వేసినచో దానికన్న ముందు తీగయే కాలును.