హత్యాసన్నివేశంలో సంభావ్యత, ఉత్కంఠ: ‘అభిలాష’, ‘అన్వేషణ’ చిత్రాల పరిశీలన

వ్యాససంగ్రహం: థ్రిల్లర్ చిత్రాల్లోని హత్యలను గురించి ‘ఇది జరిగే పనేనా?’ అన్న ఆక్షేపణ తరచుగా వినిపిస్తుంది. సంభావ్యతకూ ఉత్కంఠకూ వైరం ఉన్నదన్న భావన దీనికి మూలం. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ కథను ఆధారంగా చేసుకొని, రెండు తెలుగు చిత్రాల్లో ఈ సంబంధం ఎలా ఉన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సంభావ్యత, ఉత్కంఠ, ఔచిత్యం, హత్యాసన్నివేశం, అభిలాష, అన్వేషణ.

1. ఉపోద్ఘాతం

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో, మునియేటి ఒడ్డున ఉన్న పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, గోపయ్యల క్షేత్రం. ఆలమందలను మేపడానికి అడవికి వెళ్ళిన గోపయ్య పులివాత పడి మరణించాడని కథ. తిరునాళ్ళకు వచ్చే జనం ఈ కథను అనేక పర్యాయాలు విన్నవారే. 1963లో ఎన్.టి. రామారావు, కృష్ణకుమారి నటించిన ‘తిరుపతమ్మ కథ’ చిత్రానికి వెళ్ళినవారిలోనూ ముగింపు ముందే తెలిసినవారు ఉండి ఉంటారు. అయినా గోపయ్య మందను తోలుకొని బయలుదేరే ఘట్టం రాగానే శ్రోత ఊపిరి బిగబట్టి వింటాడు. రాబోయేది మనకు తెలుసు, గోపయ్యకు తెలియదు. అడవి అన్నాక పులి ఉండడం సహజం కనుక నమ్మకానికీ లోటు లేదు. సంభావ్యత, ఉత్కంఠ ఇక్కడ ఒకదానినొకటి అడ్డుకోవడం లేదు.

2. ప్రశ్న ఎప్పుడు పుడుతుంది?

ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సంభాషణలు 1966లో గ్రంథరూపం పొందాయి. బల్లకింద బాంబు ఉన్నదని ప్రేక్షకుడికి తెలియకపోతే అది పేలినప్పుడు కొన్ని క్షణాల ఆశ్చర్యమే మిగులుతుందనీ, ముందే తెలిస్తే ఆ బల్ల దగ్గర జరిగే పిచ్చాపాటీ అంతా ఉత్కంఠగా మారుతుందనీ ఆయన వివరించాడు. గోపయ్య కథ వినే శ్రోత స్థితి ఇదే. సంభావ్యత కోసం పట్టుబట్టేవారిని మాత్రం హిచ్‌కాక్ తేలికచేసి మాట్లాడాడు. ఆ మాటను యథాతథంగా స్వీకరించనవసరం లేదు. ‘వెర్టిగో’ (1958)లో హంతకుడి పథకమంతా, ఎత్తంటే భయపడే డిటెక్టివ్ గంటల గోపురం మెట్లు చివరిదాకా ఎక్కలేడన్న ఊహ మీద నిలిచింది. ఎలాగో ఎక్కి ఉంటే? ఈ లోపం తనను బాధించిందని త్రూఫో ముందు ఆయనే ఒప్పుకొన్నాడు. చిత్రం చూస్తున్నంతసేపు ఈ సందేహం సాధారణంగా తోచదు; ఇంటికి చేరిన తరువాత తోస్తుంది.

‘డయల్ ఎం ఫర్ మర్డర్’ (1954)లో పద్ధతి వేరు. భార్యను చంపించదలచిన భర్త నిర్ణీత సమయానికి ఇంటికి ఫోను చేయాలి. అతని చేతిగడియారం ఆగిపోతుంది. తెలుసుకొని పరుగెత్తేసరికి టెలిఫోను బూత్‌లో మరొకరు ఉంటారు. రెండూ నిత్యజీవితంలో జరిగే సంగతులే. ఆమె బతకాలని కోరుకోవలసిన ప్రేక్షకుడు ఆ కొద్దిసేపు ఫోను మోగాలని ఎదురుచూస్తాడు! ఈ ఉత్కంఠను పుట్టించినది అతి సామాన్యమైన వాస్తవం.

మన ఆలంకారికులు వధను రంగం మీద ప్రత్యక్షంగా చూపడాన్ని నిషేధించారు. దశరూపకంలో ఈ నియమం ఉన్నది. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని ఆనందవర్ధనుడు నిర్ణయించాడు. అయితే ఔచిత్యం, లోకంలో జరిగే అవకాశం ఒకటి కావు. సాధ్యమైనా నమ్మించలేని సంఘటన కంటే, అసాధ్యమైనా నమ్మించగలిగినదే కవికి మేలని అరిస్టాటిల్ అభిప్రాయం. ‘లాజిక్ లేదు’ అని ఒక్క మాటతో చిత్రాన్ని తోసిపుచ్చే విద్యార్థికి ఈ భేదం ముందుగా చెప్పవలసి ఉంటుంది.

3. అభిలాష: కల్పించిన సాక్ష్యం

యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983లో వచ్చిన ‘అభిలాష’లో నాయకుడు న్యాయవాది. మరణశిక్ష రద్దు కావాలన్నది అతని కోరిక. నిర్దోషికి కూడా ఉరి పడగలదని నిరూపించడానికి, తాను చేయని హత్యకు తానే సాక్ష్యాలు సృష్టించుకుంటాడు. పథకం వికటించి ఉరికంబం నిజంగానే దగ్గరవుతుంది. ఫ్రిట్జ్ లాంగ్ ‘బియాండ్ ఎ రీజనబుల్ డౌట్’ (1956) కథాసూత్రం దీనికి సమీపంలో ఉన్నది.

ఈ చిత్రంలో సంభావ్యత మన కళ్ళెదుటే తయారవుతుంది. కల్పిత సాక్ష్యం ఎంత నమ్మదగినదిగా ఉంటే నాయకుడికి అంత ప్రమాదం. అది బలహీనమైతే శిక్ష లేదు, ఉత్కంఠా లేదు. పథకం వికటించే తీరులో యాదృచ్ఛికత పాలు ఎక్కువన్న విమర్శ చేయవచ్చు. నాయకుణ్ణి ఆపదలోకి నెట్టే యాదృచ్ఛికతను ప్రేక్షకుడు సహిస్తాడు; కాపాడే యాదృచ్ఛికత దగ్గరే లెక్క అడుగుతాడు. న్యాయస్థానం నమ్మినది అబద్ధమని తెలిసినవాడు ప్రేక్షకుడు. అది నమ్మశక్యంగా ఉండడమే అతన్ని భయపెడుతుంది.

4. అన్వేషణ: పులి చాటు మనిషి

వంశీ దర్శకత్వం వహించిన ‘అన్వేషణ’ (1985)లో అడవిలో వరుసగా మరణాలు సంభవిస్తాయి. పులి పనే అని అందరూ అనుకుంటారు. పక్షుల కూతలకూ సంగీతానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి భానుప్రియ పోషించిన పాత్ర ఆ అడవికి వస్తుంది. మరణాల వెనుక మనిషి ఉన్నాడు.

హంతకుడు ఎన్నుకొన్న ముసుగు గోపయ్య కథను నమ్మే సమాజానికి అతి సహజమైనది. అడవిలో మనిషి చనిపోతే పులి పేరు చెప్పడం తేలిక. పులి మీద కేసు పెట్టేవారుండరు. ఉద్దేశమేమిటని అడిగేవారూ ఉండరు. కనుక ‘ఇది జరిగే పనేనా?’ అన్న ప్రశ్నను ఈ చిత్రంలో హత్యాపద్ధతి మీద కంటే ముందు, ఊరివారు అంత సులభంగా ఒప్పుకొన్న కారణం మీద వేయాలి. హత్యాపద్ధతిలో వెతికితే లోపాలు దొరక్కపోవు. వాటిని లెక్కించడంతో ఆగిపోయే విమర్శ అసలు విషయాన్ని చూడలేదు: నమ్మదగిన కారణం దొరికిన చోట విచారణ ఆగిపోయింది, ఆ విరామంలో మరొక ప్రాణం పోయింది.

ఇళయరాజా నేపథ్యసంగీతం, చెట్ల నడుమ సాగే చిత్రీకరణ మొదటిసారి చూసేవారిని పులి కోసమే ఎదురుచూసేలా చేస్తాయి. రెండవసారి చూసే ప్రేక్షకుడికి హంతకుడెవరో తెలుసు. ఆశ్చర్యం పోయింది. ఉత్కంఠ మాత్రం రూపు మార్చుకొని నిలుస్తుంది: నాయిక అడవిలోకి అడుగుపెట్టే ప్రతిసారీ, మందను తోలుకొని వెళ్తున్న గోపయ్యను చూసే శ్రోతలాగా అతడు కూర్చొని ఉంటాడు.