ఒక పేరు – రెండు స్వభావములు



మన అమరావతి పరిసరముల నల్లరేగడి చేలలో "అక్షింతల పురుగు" అను పేరు వినని రైతు అరుదు. అక్షింతలు చల్లినట్లు వీపుపై చుక్కలు గల చిన్న పెంకు పురుగు అది. అయితే ఈ ఒక్క పేరుతోనే మనము రెండు జాతులను పిలుచుచున్నాము. అందొకటి పైరునకు మిత్రము, రెండవది శత్రువు. పేరు ఒక్కటియైనంత మాత్రమున గుణము ఒక్కటి గాదు.

మొదటిది పత్తి, మిరప చేలలో కనబడును. దీని వీపు నున్నగా మెఱయుచు, పసుపు లేక నారింజ వన్నెపై నల్లని వంకర చారలు గలిగి యుండును. ఇది ఆకులను పాడుచేయదు. లేత చిగుళ్ల రసము పీల్చు పేనుబంకయే దీని ముఖ్యాహారము. దీని పిల్లపురుగు తల్లిని ఏమాత్రము పోలదు. నల్లగా, పొడవుగా, మిక్కిలి చిన్న మొసలివలె ఆకులపై పరుగులిడును. అదియు పేనుబంకను తినియే పెరుగును.

రెండవది వంగతోటలో నుండును. రాగి వన్నె, వీపంతయు సన్నని నూగు, 12 గాని 28 గాని నల్లచుక్కలు దీని గుర్తులు. పిల్లపురుగు పసుపుపచ్చగా, ఒడలెల్ల ముండ్లతో, మెల్లగా కదలును. తల్లియు పిల్లయు ఆకునందలి పచ్చదనమును గీకి తిని ఈనెలను మిగుల్చును.

నేను బడిలో పాఠములు చెప్పిన కాలమున ఈ రెండింటిని పిల్లలచే తెప్పించి ప్రక్కప్రక్కన నుంచి చూపెడివాడను. మెఱయు వీపు మిత్రునిది, నూగు వీపు శత్రువుది అని వారు సులభముగా గ్రహించెడివారు.

ఈ భేదము తెలియుట వినోదము కొఱకు గాదు. మొసలి రూపము చూచి భయపడి మందు చల్లినచో, పేనుబంకతోపాటు దానిని తినునదియు చచ్చును. పేనుబంక కొలది దినములలోనే మరల పెరుగును. మిత్రజాతి అంత శీఘ్రముగా తిరిగి రాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి రైతులు మందుపై మందు చల్లియు తెల్లదోమను, కాయతొలుచు పురుగును ఆపలేకపోయిరి. అప్పుల పాలై పలువురు బలవన్మరణము నొందిరి. పురుగులు మందునకు లొంగకపోవుటయు, మిత్రకీటకములు నశించుటయు ఆ విపత్తునకు గల కారణములలోనివి.

దీనికి విపర్యయముగా, 1888-89లో ఆస్ట్రేలియానుండి తెచ్చి విడిచిన అక్షింతల పురుగుల జాతి యొకటి కాలిఫోర్నియా నారింజ తోటలను పొలుసుపురుగు బారినుండి కాపాడినది.

కావున వంగ ఆకులపై గీకుడు కనబడినచో ఆ పురుగులను చేతితో ఏరి నశింపజేయుడు. పత్తి, మిరపలలో పేనుబంక నడుమ మొసలివంటి పిల్లలు తిరుగుచున్నచో మందు చల్లుటకు తొందరపడక, రెండు మూడు దినములు ఆకు త్రిప్పి చూచుచుండుడు. ఈ మాట మీ యింటి పిల్లలకును, కౌలు రైతులకును చెప్పుడు.