ఇంటర్వ్యూకి ముందు కిన్నెరసాని చూసి రండి!

నా మొదటి క్యాంపస్ ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న కోడింగ్ మీద కాదు. ‘మీ ప్రాంతం గురించి రెండు నిమిషాలు చెప్పండి’ అన్నారు. ‘మాది పెనుబల్లి సర్, ఖమ్మం జిల్లా. చుట్టూ అడవి, చాలా బాగుంటుంది’ అన్నాను. పది సెకన్లలో అయిపోయింది. ఆ తర్వాత నోట మాట రాలేదు. ఆ ఉద్యోగమూ రాలేదు.

మీకలా కాకూడదంటే ఒక ఆదివారం ఖర్చు పెట్టండి. పెనుబల్లి నుంచి కొత్తగూడెం మీదుగా పాల్వంచ చేరితే కిన్నెరసాని దగ్గరే. కొండల మధ్య పెద్ద జలాశయం, అక్కడక్కడా చిన్న దీవులు, ఒడ్డున జింకల పార్కు. మన లంకాసాగర్ చూసి పెరిగినవాళ్లకి కూడా ‘అబ్బ!’ అనిపిస్తుంది.

ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. కానీ గట్టు మీద నిలబడి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? పాల్వంచలోని కేటీపీఎస్‌కి. థర్మల్ కేంద్రానికి బొగ్గు ఎంత అవసరమో, ఆవిరికీ చల్లబరచడానికీ నీళ్లూ అంతే అవసరం. అక్కడి ఏడో దశ యూనిట్ ఒక్కటే 800 మెగావాట్లు. మీ ఫోన్ ఛార్జింగ్ వెనక సింగరేణి బొగ్గుతో పాటు ఈ కొండల మీద కురిసిన వానా ఉందన్నమాట. థర్మోడైనమిక్స్‌లో మనం బట్టీ కొట్టిన ర్యాంకిన్ సైకిల్ ఇక్కడ కళ్ల ముందే కనిపిస్తుంది.

అదే నీళ్లలో మొసళ్లూ ఉన్నాయి. అందుకే ఈతకు దిగకండి. చుట్టూ 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉంది. చాలామంది దీన్ని నేషనల్ పార్కు అనేస్తారు, అది తప్పు. గోదావరి మీది పాపికొండలు నేషనల్ పార్కు, 2008లో ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేషనల్ పార్కులో పశువుల్ని మేపకూడదు. అభయారణ్యంలో మాత్రం కొన్ని హక్కుల్ని షరతులతో కొనసాగనివ్వొచ్చు. లోపల ఊళ్లున్న చోట ఈ తేడా మనుషుల బతుకుతెరువుకు సంబంధించింది.

ఈ పనే నచ్చితే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ వైపు చూడండి. బీటెక్ వాళ్లూ అర్హులే. ప్రిలిమ్స్ సివిల్స్‌తో కలిపే ఉంటుంది. అయితే నాలుగు గంటల్లో అబ్బాయిలు 25, అమ్మాయిలు 14 కిలోమీటర్లు నడవాలి. ప్రాక్టీస్ ఇవాళే మొదలుపెట్టొచ్చు!

వెళ్లేటప్పుడు పొద్దున్నే బయల్దేరండి. బోటింగ్ ఉందో లేదో ముందే కనుక్కోండి. ప్లాస్టిక్ అక్కడ వదలకండి. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని మూడు విషయాలు రాసుకోండి: ఏం చూశారు, అది ఎలా పనిచేస్తోంది, దాని వల్ల ఎవరికి లాభం, ఎవరికి ఇబ్బంది. తిరుగు బస్సులో వాటిని మీ మాటల్లో రెండు నిమిషాలు చెప్పుకోండి.

రెండేళ్ల తర్వాత ఇంకో ఇంటర్వ్యూలో నన్ను మళ్లీ అదే అడిగారు. ఈసారి కిన్నెరసాని దగ్గర మొదలుపెట్టాను. రెండు నిమిషాలు సరిపోలేదు.