ఇన్సులిన్ జాతకం చెప్పే నెత్తుటి చుక్క!

మీకు తెలుసా? మన క్లోమ గ్రంథిలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులు దాదాపు 10 లక్షలు. అన్నీ కలిపి తూచినా గ్రంథి బరువులో 2 శాతం దాటవు! టైప్-1 డయాబెటిస్ వచ్చిన పిల్లల్లో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే వీటి మీద పడుతుంది. కంచే చేను మేసిందంటే ఇదే మరి!

ఆ గుంపులను 1869లో బెర్లిన్‌లో గుర్తించిన పాల్ లాంగర్‌హాన్స్ వయసెంతో తెలుసా? 21! అప్పటికింకా వైద్య విద్యార్థే. అవి ఏం చేస్తాయో మాత్రం ఆయనకూ తెలియదు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చుంటే కనిపెట్టినాయనకే సున్నా!

రోజూ ఇన్సులిన్ ఇంజెక్షన్ వేసుకునే పిల్లాడి ఒంట్లో సొంత సరుకు ఎంతుందో ఎలా తెలుస్తుంది? సి-పెప్టైడ్ చెబుతుంది. శరీరం ఒక ఇన్సులిన్ అణువు చేస్తే, పక్కనే ఒక సి-పెప్టైడ్ అణువు పుట్టాల్సిందే. ఇంజెక్షన్‌లో అది ఉండదు. దొంగ లెక్కలు చెల్లవు!

సి-పెప్టైడ్‌ను కొలవడానికి ఓ పోషక పానీయం తాగించి, 2 గంటల పాటు రక్తం తీస్తూ ఉంటారు. పిల్లలకు ఈ పరీక్షలో మొదటి సగమే ఇష్టం!

ఎంత చిన్న వయసులో జబ్బు బయటపడితే సొంత ఇన్సులిన్ అంత త్వరగా అడుగంటుతుందని మీకు తెలుసా? పసివాళ్లని జాలి కూడా లేదు!

ఇన్సులిన్ మొదలుపెట్టిన కొత్తలో కొందరికి డోసు బాగా తగ్గిపోతుంది. డాక్టర్లు దీన్ని ‘హనీమూన్’ అంటారు. పేరు చూసి మురిసిపోయి ఇంజెక్షన్ మానేశారో, కొంప మునిగినట్టే!

జబ్బు రాకముందే జాతకం చెప్పొచ్చని తెలుసా? రక్తంలో ముఖ్యంగా 4 రకాల యాంటీబాడీల కోసం వెతుకుతారు. ఒక్కటే ఉన్న పిల్లల్లో పదేళ్లలో జబ్బు వచ్చేది సుమారు 15 శాతం మందికే. రెండో, అంతకు మించో ఉంటే? దాదాపు 70 శాతం! ఏ సిద్ధాంతి ఇంత ధైర్యంగా చెబుతాడు?

ఈ జబ్బు మీద ‘టెడ్డీ’ అనే అధ్యయనం కోసం అమెరికా, ఫిన్లాండ్, జర్మనీ, స్వీడన్‌లలో జల్లెడ పట్టిన పసికందులు 4 లక్షలకు పైమాటే. పేరుకు టెడ్డీ, పని చూస్తే ఏనుగంత!

ఈ జబ్బును వాయిదా వేసే మందూ ఉంది, తెలుసా? పేరు టెప్లిజుమాబ్. 14 రోజుల పాటు సెలైన్‌లా ఎక్కిస్తారు. ముప్పు ముంగిట ఉన్నవాళ్లలో జబ్బును సగటున రెండేళ్లు వెనక్కి నెట్టింది. 2022లో అమెరికా అనుమతించింది. వాయిదా వల్ల మేలు జరగడం కోర్టుల్లో ఎప్పుడైనా చూశారా?

2023లో ఇటలీ ఏకంగా పిల్లలందరికీ ఈ యాంటీబాడీ పరీక్షలు చేయాలని చట్టమే తెచ్చింది. పార్లమెంటు దాకా వెళ్లిన నెత్తుటి చుక్క!

50 ఏళ్లకు పైగా టైప్-1తో బతికినవారిని అమెరికాలోని జోస్లిన్ కేంద్రం పరీక్షిస్తే, సగానికి పైగా మందిలో ఇంకా కాస్త సి-పెప్టైడ్ కనిపించింది. అర్ధశతకం కొట్టినా నాటౌట్!

చివరిగా ఒకటి. టైప్-1 పిల్లలు అత్యధికంగా ఉన్న దేశం ఏదో తెలుసా? అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021 లెక్కల్లో మన భారతే! అందుకే మీ పిల్లలకు అతిగా దాహం వేస్తున్నా, మాటిమాటికీ మూత్రానికి వెళ్తున్నా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బరువు తగ్గుతున్నా ఆ రోజే షుగర్ పరీక్ష చేయించండి. రేపటికి వాయిదా వేయకండి!