ఫ్యూజన్ బృందంలో ఫిడేలు: మన పిల్లలను పంపే ముందు

ఈ మధ్య మూడు నాలుగు ఇళ్ళవారు మా సంఘాన్ని ఒకే ప్రశ్న అడిగారు. అమ్మాయో అబ్బాయో పదీ పన్నెండేళ్ళు ఫిడేలు నేర్చుకున్నారు. వర్ణాలు, కీర్తనలు దాటి రాగం తానం పల్లవి దాకా వచ్చారు. ఇప్పుడు గిటారు, డ్రమ్స్ ఉన్న ఒక ఫ్యూజన్ బృందం రమ్మంటోంది, దేశాలు తిప్పుతామంటోంది. పంపవచ్చా? అడిగేవారి మనసులో ఇంకో భయం కూడా ఉంటుంది, సంప్రదాయం చెడుతుందేమోనని. ముందు దాని సంగతి చెప్పి అసలు విషయానికి వస్తాము.

ఫిడేలే మనకు బయటి నుంచి వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతానికి ఒదిగించారు. తరువాత ఎట్టయాపురం సంస్థానంలో విద్వాంసులయ్యారు. ఆ సంస్థానాధీశులు మనలాగే ఎప్పుడో దక్షిణానికి తరలిన తెలుగువారని తమిళనాడులోని మన పాఠకులకు తెలిసిందే. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులై 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పుట్టింది 1893లో, బెంగళూరులో. ఎల్లలు దాటడం ఈ వాయిద్యానికి కొత్త కాదు. కాబట్టి ఆ భయం పక్కన పెట్టి, అది ఎలాంటి బతుకుతెరువో చూద్దాం.

ఇలాంటి బృందాలకు పెద్దన్న 'శక్తి'. బ్రిటిష్ గిటారు వాద్యకారుడు జాన్ మెక్‌లాఫ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయకరామ్, వయొలిన్ ఎల్. శంకర్ 1970లలో కలిసి నడిపారు. 1975 జూలైలో న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లోని ఒక కళాశాలలో చేసిన కచేరీయే మొదటి ఆల్బమ్‌గా 1976లో వచ్చింది. మెక్‌లాఫ్లిన్ తన గిటారు మెట్ల మధ్య కర్రను గుంటలుగా తొలిపించుకుని, వీణ మీద లాగినట్టు తీగ లాగేవాడు. అక్కడ ఫిడేలు గిటారు వైపు పోలేదు, గిటారే గమకం వైపు వచ్చింది. అన్ని బృందాలలో ఇంత గౌరవం దొరుకుతుందని అనుకోవద్దు.

మూడు ఆల్బములయ్యాక 1978 నాటికి ఆ బృందం ఆగిపోయింది. 1997లో 'రిమెంబర్ శక్తి' పేరుతో మళ్ళీ లేచినప్పుడు శంకర్ అందులో లేరు. కొన్నాళ్ళకు రాగాలు పలికించే ఆ స్థానంలోకి మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ వచ్చారు. (2014లో, 45 ఏళ్ళకే, ఆయన పోవడం ఇప్పటికీ మింగుడుపడని మాట.) ఆ తరువాత బృందం మళ్ళీ కూడినప్పుడు వయొలిన్ గణేశ్ రాజగోపాలన్ చేతికి వచ్చింది. 2023లో 'దిస్ మొమెంట్' ఆల్బమ్, భారత్, యూరప్, అమెరికా యాత్రలు, 2024 ఫిబ్రవరిలో గ్రామీ. గణేశ్ అప్పటికే తమ్ముడు కుమరేశ్‌తో కలిసి చిన్ననాటి నుంచి దశాబ్దాల తరబడి కచేరీలు చేసినవారు. ఇందులో తల్లిదండ్రులు చూడవలసినవి రెండు. ఫిడేలు కుర్చీ పర్మనెంటు పోస్టు కాదు. ఆ కుర్చీలోకి పిలిచేది గురువు దగ్గర గడించిన సరుకు కోసమే.

వాయించే పద్ధతీ మారుతుంది. మన కచేరీలో షడ్జమం కదలదు. నాలుగు తీగలను స ప స ప అని శ్రుతి చేసుకుంటే రెండున్నర గంటలు అదే ఆధారం. బృందంలో ఒక పాట ఒక శ్రుతి, తరువాతది ఇంకొకటి. పాట నడుమ కూడా ఆధారం మారవచ్చు. అప్పుడు ఖాళీ తీగ సాయం ఉండదు, వేళ్ళ లెక్కంతా కొత్తగా వేసుకోవాలి. మోహనం వాయిస్తూ ఉంటే గిటారు వెనక నుంచి మధ్యమం కలిసిన కార్డు పడుతుంది. తప్పు అతనిది కాదు, అతని సంగీతంలో అది అందం. ఆ క్షణంలో మధ్యమాన్ని తాకకుండా రాగాన్ని నిలబెట్టడం మనవాడి పని.

తాళం సంగతీ అంతే. మృదంగ విద్వాంసుడు మన మనోధర్మాన్ని చూసి కాస్త పట్టూ విడుపూ చూపిస్తాడు. చెవిలో పెట్టే 'క్లిక్' యంత్రం అలా చూపించదు. పైగా చాలా బృందాలలో నిలబడి వాయించాలి. నేల మీద కూర్చుంటే ఫిడేలు తల కుడి మడమ దగ్గర ఆనుకుంటుంది, ఎడమ చెయ్యి స్వేచ్ఛగా జారుతుంది. నిలబడితే బరువంతా గడ్డానికి, భుజానికి. జారుడు గమకాలు కొత్తగా సాధన చెయ్యాలి. ఇది ఆరు నెలల పని, ఒక వర్క్‌షాపుతో అయ్యేది కాదు.

పర్యటనలో రోజెలా గడుస్తుందో కూడా చెప్పాలి. పొద్దున విమానమో బస్సో, మధ్యాహ్నం సౌండ్ చెక్, సాయంత్రం దాకా ఎదురుచూపు, రాత్రి రెండు గంటల వాయిద్యం, అర్ధరాత్రి భోజనం. పోయేది సాధన సమయం. హోటల్ గదిలో వాయిస్తే పక్కగదివారు ఫిర్యాదు చేస్తారు. ఇంటి దగ్గర రోజుకు నాలుగు గంటలు చేసినవారికి అక్కడ నలభై నిమిషాలు దొరికితే గొప్ప. ఏడాది తిరిగేసరికి వేగం పెరుగుతుంది, తోడి పలుచనవుతుంది. వినేవారికి వెంటనే తెలియదు, వాయించేవారికి తెలుస్తుంది. అందుకే మార్గళి నెలలో మద్రాసు కచేరీలకు ఖాళీ ఉంచాలనే మాట ఒప్పందంలోనే రాయించుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ఫిడేలు పెట్టె సుమారు 80 సెంటీమీటర్లు. చాలా విమానాలలో చేతిసామానుకు అనుమతించే పొడవు 55 సెంటీమీటర్లే. అమెరికా విమాన సంస్థలు ఎక్కే సమయానికి పైన అరలో చోటుంటే ఫిడేలును లోపలికి అనుమతించాలని అక్కడి చట్టం. మిగతాచోట్ల ముందే రాతపూర్వకంగా అడగాలి. చలిదేశాలలో గదులను వేడి చేస్తే గాలి పొడిబారి బిరడాలు జారతాయి, అతుకులు విడతాయి. పెట్టెలో తేమ గొట్టం పెట్టుకోవాలి.

ఇక కాగితాలు. గుమాస్తాగిరీ చేసినవాళ్ళం కనుక ఇక్కడ కొంచెం ఆగుతాము. షెంగెన్ దేశాలలో ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు, బ్రిటన్ వీసా వేరు. అమెరికాలో పారితోషికం తీసుకుని వాయించడానికి టూరిస్టు వీసా పనికిరాదు. కళాకారులకు పి-3 వంటి తరగతులున్నాయి. "అందరూ ఇలాగే వెళ్తారు" అని నిర్వాహకుడు అంటే అక్కడే ఆగండి. అమెరికాలో విదేశీ కళాకారుడి పారితోషికంలో సాధారణంగా 30 శాతం పన్నుగా ముందే పట్టుకుంటారు. ఆ రసీదు జాగ్రత్త చేస్తే ఇక్కడి రిటర్నులో సర్దుబాటు కోరవచ్చు.

పారితోషికం కచేరీకి ఇంత అంటారు. మరి రిహార్సల్ రోజులకు, ప్రయాణం రోజులకు? కచేరీ రద్దయితే? దినభత్యం పారితోషికంలోనిదా, విడిగానా? వైద్య బీమా ఎవరు కడతారు? ఈ నాలుగూ నోటిమాటగా వదలకూడదు. ఇంకొకటి, అందరూ మరిచేది. బృందం కొత్త పాటకు మీ అమ్మాయి కట్టిన స్వరాలే పల్లవి అయినప్పుడు, స్వరకర్తగా ఆమె పేరు నమోదు కావాలి. 2012 కాపీరైటు సవరణ స్వరకర్తకు రాయల్టీ హక్కు నిలిపింది, ఐపీఆర్ఎస్ వంటి సంస్థ దాన్ని వసూలు చేసి పంచుతుంది. పేరు లేకపోతే ఆ రాత్రి పారితోషికంతో సరి.

డ్రమ్స్ పక్కన ఏళ్ళ తరబడి నిలబడితే చెవులకూ ముప్పే. 85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు తట్టుకోవచ్చని, 3 పెరిగితే ఆ సమయం సగమవుతుందని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క. సంగీతకారుల ఇయర్‌ప్లగ్‌లు మొదటి నెల పారితోషికంతోనే కొనాలి. ఏటా ఒకసారి వినికిడి పరీక్ష చేయించాలి.

ఇంతా చెప్పి మేము వద్దనడం లేదు. అరంగేట్రం అయి, పక్కవాద్యంగా కొన్నేళ్ళు పెద్దల వెనుక కూర్చుని వచ్చినవారు వెళ్ళవచ్చు. పదహారేళ్ళవారిని చదువు మాన్పించి పంపడానికి మాత్రం మేము సరే అనలేము. ఒప్పందం కాగితాలు మాతో ఒకసారి చదివించుకోవాలనుకునేవారు ఆదివారం ఉదయం సంఘం ఆఫీసుకు తీసుకురావచ్చు. సంతకం పెట్టకముందు తెస్తే మేలు.