ప్రక్క మడి ఏది?

క్రొత్త ఎరువును మేము ప్రదర్శన క్షేత్రమున చూపినపుడెల్ల రైతులు మొదట అడుగు ప్రశ్న యొక్కటే: "ఎరువు వేయని మడి ఏదండీ?" ప్రక్క మడిని చూడనిదే వారు నమ్మరు. అది న్యాయమే. కాని నాయకత్వ శిక్షణములు, గ్రామారోగ్య సహకార కార్యక్రమములు జరిగినపుడు ఈ ప్రశ్న నెవ్వరును వేయరు. మేమును వేయలేదు. ఒక శిబిరము ముగిసిన పిమ్మట నివేదిక వ్రాయు పని మాపై బడగా, హాజరైనవారి సంఖ్యయు, పంచిన యోగ్యతాపత్రముల సంఖ్యయు వ్రాసి పంపితిమి. ఆ యేడు ఊళ్ళలో జ్వరములు తగ్గెనో పెరిగెనో విచారింపనైన లేదు.

మాకు కనువిప్పు కలిగించినది తెలంగాణము నానుకొనియున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. అచట డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు స్థాపించిన 'సెర్చ్' సంస్థ, పసికందుల మరణములను తగ్గింపనెంచి 39 గ్రామములను పనికొరకును, 47 గ్రామములను పోలిక కొరకును తీసికొనెను. ముందుగా 1993 నుండి 1995 వరకు రెండు చోట్లను లెక్క వ్రాసిరి. సజీవముగా పుట్టిన ప్రతి వేయిమందిలో నెల నిండకుండ పోయినవారు మొదటి గ్రామములలో 62, రెండవవానిలో 58. రెండు మడుల సారము ఇంచుమించు సమానమన్నమాట.

పిమ్మట 39 గ్రామములలో అయిదు మొదలు పది తరగతులవరకు చదివిన స్త్రీలకు బిడ్డను తూచుట, ఒడలి వేడి చూచుట, ఊపిరి లెక్కించుట, వెచ్చగా నుంచుట, ఊపిరి తీయని శిశువునకు గాలి యందించుట, క్రిములు సోకిన బిడ్డకు సూదిమందు వేయుట నేర్పిరి. నేర్పి విడువలేదు, మరల మరల వచ్చి తప్పులు దిద్దిరి. జనన మరణముల లెక్కను మాత్రము వారికే విడువక, వేరుగా వ్రాయించి, ఇంటింటి విచారణతో సరిచూచిరి. మూడవయేట ఆ గ్రామములలో మరణములు 25.5, పోలిక గ్రామములలో 59.6. ఈ ఫలితములు 1999లో 'లాన్సెట్' వైద్యపత్రికలో వెలువడెను.

పోలిక మడిలో ఎండినది వరి. పోలిక గ్రామములలో పోయినవారు బిడ్డలు. ఈ తలంపు మమ్ము నేటికిని బాధించును. అచట ప్రభుత్వపు మామూలు సేవలు సాగుచునే యుండెను. ఆ లెక్కయే లేనిచో ఈ పద్ధతిని ఇతరులు నమ్మియుండరు. 2011లో భారత ప్రభుత్వము బాలెంతల యిండ్లకు పోయి శిశువులను చూచు పనిని ఆశా కార్యకర్తల కప్పగించుటకు ఇట్టి అనుభవమే ఆధారమాయెను.

ఆ స్త్రీల నాయకత్వమునకు వేదిక అక్కరలేదు. తమ బిడ్డకు సూది వేయ నిచ్చిన తల్లులే వారి నాయకత్వమునకు సాక్షులు.

మన సంఘము తలపెట్టిన శిక్షణకును ఇట్టి లెక్క కావలెను. ఒక్క యూరిలో ఏటికి పుట్టువారు కొద్దిమందియే గనుక, సంఘ పరిధిలోని ఊళ్ళన్నియు చేరవలెను. పంచాయతీ రిజిస్టరునుండి గత మూడేండ్ల జనన మరణములను ముందే వ్రాసికొనవలెను. ఏడాది చివర లెక్క చూచువారు శిక్షణ నిచ్చినవారు కారాదు, మేమును కారాదు. ఈ పనికి పూనుకొనగల సభ్యులు మహాజనసభకు ముందుగా కార్యదర్శిగారికి తమ పేర్లు తెలుపగోరెదము.