తలంబ్రాల వెనక ముఖం

మిర్యాలగూడ బియ్యం మిల్లుల ఊరు. అక్కడి పెళ్లిలో తలంబ్రాల వేళ ఫొటోగ్రాఫర్‌కు వచ్చే చిక్కూ బియ్యంతోనే. పెళ్లికూతురి దోసిలి నుంచి జారే గింజలు కెమెరాకూ పెళ్లికొడుకు ముఖానికీ నడుమ పడతాయి. ఫోకస్ పాయింటు గింజలమీద నిలిస్తే ఒక్కో గింజా పసుపుతో సహా కనిపిస్తుంది, వెనక నవ్వే ముఖం మసకబారుతుంది. ముఖంమీద నిలిస్తే గింజలు పసుపు జల్లులా కరిగిపోయి నవ్వు మిగులుతుంది. ఆల్బంలో ఏళ్ల తరబడి చూసుకునేది ఆ రెండో ఫొటోనే.

ఏ లెన్స్ అయినా ఒక్క దూరాన్నే పూర్తి స్పష్టంగా చూపగలదు. దానికి కాస్త ముందూ వెనకా ఉన్నవి కూడా మన కంటికి స్పష్టంగానే తోస్తాయి. ఆ కాస్త ఎంతో లెక్క కట్టవచ్చు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు 85 మి.మీ. లెన్స్ తగిలించి, అపర్చర్ (లెన్స్ రంధ్రం) 1.8 పెట్టి, రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే అది సుమారు 6 సెంటీమీటర్లు. ముక్కుకొనమీద ఫోకస్ పెడితే చెవి కమ్మలు మసకే. అపర్చర్ 8కి మారిస్తే 27 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది కానీ, లోపలికొచ్చే వెలుతురు ఇరవయ్యో వంతుకు పడిపోతుంది. ఫంక్షన్ హాలు లైట్ల కింద అది భరించలేని నష్టం.

ఒకప్పుడు ఈ పనంతా లెన్స్ రింగు తిప్పే వేళ్లదే. 1977లో కోనికా సి35 ఏఎఫ్ వచ్చింది. తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరాల్లో పెద్దఎత్తున తయారై అమ్ముడైన మొదటిది అదే. అందులోని హనీవెల్ కంపెనీ పరికరం దృశ్యాన్ని రెండు చోట్ల నుంచి చూసి, రెండు బొమ్మలనూ పోల్చి దూరం పట్టేది. మన రెండు కళ్లూ చేసేది దాదాపు ఇదే. కానీ అది చూసేది నడిమధ్యన మాత్రమే. వధూవరులు పక్కపక్కన నిలబడితే, ఇద్దరి మధ్య సందులోంచి దాని చూపు వెనక గోడకు పోయేది. గోడమీది పూలదండలు చక్కగా వచ్చేవి, జంట మసకగా వచ్చేది. తర్వాతి కెమెరాల్లో దీనికి విరుగుడు దొరికింది: ఒకరి ముఖాన్ని మధ్యలోకి తెచ్చి బటన్ సగం నొక్కిపట్టి, ఫ్రేమ్ సర్దుకున్నాక పూర్తిగా నొక్కడం. ఫొటో నేర్చుకునే పిల్లలకు నేనైతే మొదటి పాఠంగా ఇదే చెప్తాను.

1985లో మినోల్టా 7000 ఫోకస్ మోటారును కెమెరా ఒంట్లోనే అమర్చుకుంది. తన పేటెంట్లు వాడుకున్నారని హనీవెల్ దావా వేసింది. 1992లో మినోల్టా 12.75 కోట్ల డాలర్లు కట్టి రాజీపడింది. ఆ ఏడాదే కానన్ ఈఓఎస్ 5 వచ్చింది. దాని వ్యూఫైండర్‌లో ఐదు ఫోకస్ పాయింట్లుండేవి. కంటిమీద పరారుణ కాంతి వేసి, ఫొటోగ్రాఫర్ ఏ పాయింటును చూస్తున్నాడో పసిగట్టి కెమెరా దాన్నే ఎంచుకునేది. ఆటోఫోకస్ చరిత్రలో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టమిది. ఎవరిని చూడాలన్న మాట కెమెరా మనిషినే అడిగింది. 1998లో ఈఓఎస్ 3తో పాయింట్లు 45 అయ్యాయి. ఇప్పటి కెమెరాలు ఎదుటి మనిషి కన్నెక్కడుందో తామే వెతుక్కుంటాయి.

అయినా రాతికి కన్ను వెతకలేవు కదా. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి శివాలయాలు కాకతీయుల నాటివి. లోపలి మసక వెలుతురులో నున్నటి నల్లరాతిమీద పాయింటు పెడితే లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది; దానికి వెలుగునీడల తేడా కావాలి. చెక్కడం అంచుకు జరిపితే ఇట్టే పట్టుకుంటుంది.

వానాకాలంలో విజయవాడ బస్సెక్కి కోదాడ దాటుతుంటే ఫోన్‌ను కిటికీ అద్దానికి దగ్గరగా పెట్టండి. తెరమీద చినుకును వేలితో తాకి ఒక ఫొటో తీయండి. తర్వాత దూరంగా నాట్లేస్తున్న వాళ్లను తాకి ఇంకొకటి తీయండి. ఇంటికెళ్లాక రెండూ పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపించండి.